పెద్దపేగు క్యాన్సర్‌లో పెట్ స్కాన్ ఎవరికి?

కొలనోస్కోపీలో గడ్డ కనపడి, బయాప్సీలో అది క్యాన్సరేనని తేలాక ఇంట్లో మొదటగా వినిపించే మాట, "పెట్ స్కాన్ తీయిద్దామా?" అమెరికాలో ఉన్న అన్నయ్య ఫోన్ చేసి అడుగుతాడు, పక్క వీధిలో రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్నావిడ చెబుతుంది. ఒళ్లంతా ఒక్కసారే చూసేస్తుందని, దానికి కనపడకుండా ఏదీ దాగదని నమ్మకం. డాక్టరు అక్కర్లేదంటే ఇంటివాళ్లకు అనుమానం వస్తుంది. ఖర్చుకు వెనకాడుతున్నామని అనుకున్నాడేమో, తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోవట్లేదేమో అని. ఈ స్కాన్ మీద నలభై ఏళ్లకు పైగా పరిశోధన జరిగింది. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ల విషయంలో దాని బలమెక్కడో, బలహీనత ఎక్కడో ఇప్పుడు చాలావరకు తెలుసు. తెలిసినదంతా రోగి కుటుంబం దాకా చేరకపోవడమే విచారకరం.

పెద్దపేగు క్యాన్సర్ చిన్న సమస్య కాదు. 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ ఏడాది సుమారు 19 లక్షల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చింది, 9 లక్షల మంది దీనితో చనిపోయారు. క్యాన్సర్ మరణాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే. మన దేశంలో లక్ష జనాభాకు లెక్కేస్తే పాశ్చాత్య దేశాల కన్నా చాలా తక్కువే. కానీ వచ్చినవాళ్లలో యాభై ఏళ్ల లోపువారు ఎక్కువగా కనిపిస్తారు, జబ్బు ముదిరాక వచ్చేవారూ ఎక్కువే. ఎంత ముదిరిందన్న దాని మీదే అంతా ఆధారపడుతుంది. అమెరికా లెక్కల్లో, పేగు గోడ దాటని దశలో పట్టుకుంటే ఐదేళ్ల తర్వాత బతికి ఉండేవారు నూటికి తొంభై మంది. చుట్టుపక్కల లింఫు గ్రంథులకు పాకితే డెబ్బై పైచిలుకు. కాలేయానికో ఊపిరితిత్తులకో చేరాక పదిహేను మంది దాకా. స్టేజి తేల్చడానికి ఇంత పట్టుదల అందుకే.

1920ల్లో జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ ఒక వింత గమనించాడు. మామూలు కణాలు ఆక్సిజన్ అందుతున్నంతసేపూ గ్లూకోజును పూర్తిగా మండించి శక్తి తీసుకుంటాయి. క్యాన్సర్ కణాలు మాత్రం ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా గ్లూకోజును సగంలోనే లాక్టిక్ ఆమ్లంగా మార్చి వదిలేస్తాయి. ఇలా వచ్చే శక్తి తక్కువ గనక వాటికి చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. కణాల్లో శక్తిని తయారు చేసే యంత్రాంగం చెడిపోవడమే దీనికి కారణమని వార్‌బర్గ్ అనుకున్నాడు. ఆ వివరణ తర్వాత నిలబడలేదు, ఆయన చూసిన విషయం మాత్రం నిలిచింది.

ఆ ఆకలిని ఫొటో తీయడమే పెట్ స్కాన్ చేసే పని. గ్లూకోజును పోలిన అణువుకు రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలిస్తే ఎఫ్‌డీజీ అవుతుంది. కణం దాన్ని గ్లూకోజే అనుకుని లోపలికి తీసుకుంటుంది, హెక్సోకైనేజ్ అనే ఎంజైము దానికి ఫాస్ఫేటు కూడా తగిలిస్తుంది. ఆ తర్వాతి మెట్టు ఎక్కడానికి అణువు ఆకారం సరిపోదు, బయటికి పోవడానికీ దారి ఉండదు. కణంలోనే చిక్కుకుపోతుంది. అక్కడి నుంచి వెలువడే పాజిట్రాన్లు ఎలక్ట్రాన్లతో కలిసి నశించినప్పుడు ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో రెండు గామా కిరణాలు పుడతాయి. వాటిని యంత్రం పసిగట్టి, చక్కెర ఎక్కడ పోగుపడిందో చూపిస్తుంది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో ఆల్ఫ్రెడ్ వోల్ఫ్ బృందంలో పనిచేసిన జపాన్ రసాయన శాస్త్రవేత్త తత్సువో ఇడో ఈ మందు తయారుచేశాడు. 1976లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అబ్బాస్ అలవి దాన్ని మొదటిసారి మనిషికి ఇచ్చాడు. అప్పట్లో వాళ్ల ఆసక్తి మెదడు మీద, క్యాన్సర్ మీద కాదు. ఫ్లోరిన్-18 సగానికి తగ్గడానికి 110 నిమిషాలే పడుతుంది కాబట్టి దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ దగ్గర్లో ఉండాలి. మన దేశానికి ఈ వైద్య సదుపాయం 2002లో ముంబైకి వచ్చింది.

చక్కెర పోగుపడిన చోటు తెలిసినా, అది ఏ అవయవంలో ఏ మూలో ఒక్క పెట్ బొమ్మతో కచ్చితంగా చెప్పడం కష్టం. డేవిడ్ టౌన్‌సెండ్, రోనాల్డ్ నట్ పెట్‌ను, సీటీని ఒకే యంత్రంలో కలిపి ఆ ఇబ్బంది తీర్చారు. తొలి నమూనా 1998లో పిట్స్‌బర్గ్‌లో పని మొదలుపెట్టింది. ఈ రోజు మనం పెట్ అంటున్నది నిజానికి పెట్-సీటీయే.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. కొత్తగా జబ్బు బయటపడ్డ మనిషికి స్టేజి తేల్చడంలో ఇది ఎంత సాయపడుతుంది? గడ్డ పేగు గోడలో ఎంత లోతుకు దిగిందో ఇది చెప్పలేదు. ఆ గోడ పొరల మందం కొన్ని మిల్లీమీటర్లే, పెట్ కంటికి ఆనేది సుమారు ఐదు మిల్లీమీటర్లు దాటాకే. మలాశయమైతే ఆ పని ఎమ్మారై చేస్తుంది. గడ్డ అంచు చుట్టూ ఉన్న కొవ్వు పొర సరిహద్దుకు ఎంత దగ్గరగా వచ్చింది, ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ కావాలా వద్దా అన్నది ఎమ్మారై చూసే నిర్ణయిస్తారు. లింఫు గ్రంథుల విషయంలో పెట్ మాట ఒకవైపే నమ్మదగింది. గ్రంథి వెలిగితే అందులో క్యాన్సర్ ఉండే అవకాశం ఎక్కువ, వెలగలేదంటే లేదని మాత్రం కాదు. గ్రంథిలో చేరిన కొద్దిపాటి కణాలు వెలగవు, వెలిగినా పక్కనే ఉన్న అసలు గడ్డ కాంతిలో కలిసిపోతాయి. పెద్దపేగు ఆపరేషన్‌లో ఎలాగూ ఆ గ్రంథులన్నీ తీసేస్తారు, కనీసం పన్నెండింటిని పాథాలజిస్టు సూక్ష్మదర్శిని కింద చూస్తాడు. మూడో స్టేజా కాదా, కీమో కావాలా వద్దా అన్నది ఆ రిపోర్టు తేలుస్తుంది. ముందే స్కాన్ తీసినా ఈ నిర్ణయం మారదు.

మిగిలింది దూర అవయవాలు. గుర్తించేనాటికే దాదాపు ఐదో వంతు మందిలో జబ్బు ఎక్కడికో పాకి ఉంటుంది. ఎక్కువగా కాలేయానికి, ఎందుకంటే పేగు రక్తం ముందుగా వెళ్లేది అక్కడికే. ఛాతీకి, పొట్టకు, కటి భాగానికి కాంట్రాస్ట్ ఇచ్చి తీసిన మంచి సీటీ ఈ పని చాలావరకు చేసేస్తుంది. కాలేయంలో చిన్న మచ్చల మీద సందేహముంటే ఎమ్మారై పెట్ కన్నా మెరుగు. అమెరికాలోని ప్రధాన వైద్య మార్గదర్శకాలు కూడా కొత్త రోగులందరికీ మామూలుగా పెట్ తీయమని చెప్పవు. సీటీలో తేలని అనుమానం ఉన్నప్పుడు, కాంట్రాస్ట్ ఇవ్వకూడని పరిస్థితి ఉన్నప్పుడు, పాకిన జబ్బును కూడా కోసి పూర్తిగా నయం చేసే అవకాశం కనపడినప్పుడు వాడమంటాయి.

ఈ మూడో సందర్భం దగ్గర కాస్త ఆగాలి, అసలు వాదమంతా దాని చుట్టూనే నడిచింది. కాలేయానికి పాకినా, మచ్చలు కొద్దిగా ఉంటే వాటిని కోసి తీసేయొచ్చు. అలా తీయించుకున్నవారిలో నూటికి నలభై మంది దాకా ఐదేళ్లు దాటి బతుకుతారు, కొందరికి జబ్బు మళ్లీ రాదు. కానీ అది పెద్ద ఆపరేషన్. పొట్ట తెరిచాక ఇంకెక్కడో కూడా జబ్బుందని తెలిస్తే రోగికి కోత మిగులుతుంది, లాభం మిగలదు. అలాంటి వ్యర్థ ఆపరేషన్లను పెట్ ఆపగలదా?

2009లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అధ్యయనం ఆపగలదంది. 150 మందిని చీటీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు సీటీతో పాటు పెట్ కూడా తీశారు. సీటీ మాత్రమే తీసినవారిలో 45 శాతం ఆపరేషన్లు వ్యర్థమయ్యాయి, పెట్ కూడా తీసినవారిలో 28 శాతం. అంటే ఆరుగురికి స్కాన్ తీస్తే ఒకరికి అనవసరమైన ఆపరేషన్ తప్పింది. చాలా ఆసుపత్రుల్లో కాలేయ ఆపరేషన్‌కు ముందు పెట్ తప్పనిసరి అలవాటుగా మారడానికి ఇలాంటి ఫలితాలే కారణం.

ఐదేళ్ల తర్వాత, 2014లో, కెనడాలోని ఒంటారియో నుంచి ఇంకా పెద్ద అధ్యయనం వెలువడింది. 404 మంది, తొమ్మిది ఆసుపత్రులు. ఈసారి పెట్-సీటీ తీసిన 263 మందిలో 21 మందికే, అంటే 8 శాతానికే, ఆపరేషన్ పథకం మారింది. పొట్ట తెరవడమే తప్పినవారు 2.7 శాతం. కాలేయ ఆపరేషన్ జరిగినవారి శాతం రెండు జట్లలోనూ దాదాపు ఒకటే, 91, 92. ఎంతకాలం బతికారన్న దాంట్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

రెండూ చీటీ వేసి చేసిన పరీక్షలే, రెండింటినీ నమ్మవచ్చు. మరి ఇంత తేడా ఎందుకు? ఒక కారణం, మొదటి అధ్యయనంలో వ్యర్థమన్న మాటకు అర్థం విశాలంగా ఉంది. ఆపరేషన్ తర్వాత ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెట్టినా దాన్ని వ్యర్థం కిందే లెక్కేశారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. ఈ మధ్యకాలంలో సీటీ చాలా మెరుగుపడింది, దాన్ని చూసే కళ్లూ మెరుగుపడ్డాయి. సీటీ నాసిరకంగా ఉన్నచోట పెట్ గొప్పగా కనిపిస్తుంది, సీటీ బాగా తీసి బాగా చదివినచోట పెట్ కొత్తగా చెప్పేది కొంచెమే. మన ప్రాంతానికి ఇది సూటిగా వర్తిస్తుంది. కాంట్రాస్ట్ లేకుండా, హడావిడిగా తీసిన సీటీ చేతిలో పట్టుకుని పెట్‌కు పరుగెత్తే బదులు, ముందు ఆ సీటీని సరిగ్గా తీయించి, కాలేయ సర్జనుతో కలిసి కూర్చునే రేడియాలజిస్టుకు చూపించడం మేలు.

పెట్‌కు సాటిలేని సందర్భం ఒకటుంది. ఆపరేషన్ అయి, కీమో అయి, మనిషి తేరుకున్నాక మూడు నెలలకోసారి రక్తంలో సీఈఏ చూస్తారు. 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ కనిపెట్టిన ప్రొటీన్ ఇది. ఒకసారి ఆ అంకె పెరుగుతుంది, నెల తర్వాత ఇంకా పెరుగుతుంది. సీటీలో ఏమీ కనపడదు, కొలనోస్కోపీ శుభ్రంగా ఉంటుంది. ఎక్కడో జబ్బుందని రక్తం చెబుతోంది, ఎక్కడో ఎవరికీ తెలియదు. ఇలాంటప్పుడు పెట్-సీటీ తీస్తే ఆ చోటు దొరికే అవకాశం చాలా ఎక్కువ. ఆ చోటు ఒకటే అయితే, కోసి తీయగలిగేదైతే, రోగికి రెండో అవకాశం దొరికినట్టే. ఆపరేషన్, రేడియేషన్ జరిగిన కటి భాగంలో మచ్చకట్టిన కండ ఏదో, తిరిగి వచ్చిన గడ్డ ఏదో సీటీలో విడదీయలేనప్పుడు కూడా ఇది బాగా పనికొస్తుంది, రేడియేషన్ వాపు తగ్గేదాకా కొన్ని నెలలు ఆగి తీస్తే. అలాగని ఏ అనుమానమూ లేనివారికి ఆరు నెలలకోసారి పెట్ తీస్తూ పోతే మేలు జరుగుతుందా అని ఫ్రాన్స్‌లో పరీక్షించి 2018లో ప్రకటించారు. ఖర్చు పెరిగింది తప్ప రోగులకు ఒరిగింది లేదు.

ఇంకో సందర్భం దానంతట అదే ఎదురవుతుంది. ఊపిరితిత్తుల జబ్బుకో మరో క్యాన్సర్‌కో తీసిన పెట్‌లో పేగులో ఒక్కచోట మాత్రం చుక్కలా వెలుగు కనపడుతుంది. దాన్ని వదిలేయకూడదు. కొలనోస్కోపీ చేస్తే అలాంటి చుక్కల్లో చాలావాటి కింద పాలిప్ గానీ క్యాన్సర్ గానీ దొరుకుతుంది.

పెట్ ఎక్కడ మోసం చేస్తుందో తెలుసుకోవడం మనకు ఇంకా అవసరం, ఎందుకంటే ఆ చోట్లు చాలావరకు మన దేశపు రోగుల్లోనే ఎక్కువ. మొదటిది జిగురు స్రవించే మ్యూసినస్ రకం, దానికి దగ్గరి బంధువైన సిగ్నెట్ రింగ్ రకం. గడ్డలో ఎక్కువ భాగం జిగురే, కణాలు అక్కడక్కడా ఉంటాయి. చక్కెర పోగుపడదు, బొమ్మ చీకటిగా ఉంటుంది. మన దేశంలో, ముఖ్యంగా నలభై లోపు రోగుల్లో, ఈ రకాలు పాశ్చాత్య దేశాల కన్నా ఎక్కువగా కనిపిస్తున్నాయని పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల లెక్కలు చెబుతున్నాయి. పైగా ఈ రకం పాకేది కాలేయానికి కన్నా పొట్ట లోపలి పెరిటోనియం పొర మీదికి, సన్నగా చిమ్మినట్టుగా. పెట్ రెండు విధాలా ఓడిపోయే పరిస్థితి అది. బయాప్సీలో సిగ్నెట్ రింగ్ అని ఉండి పెట్ శుభ్రంగా ఉందంటే ఊపిరి పీల్చుకోకూడదు. అనుమానం బలంగా ఉంటే సర్జన్లు చిన్న గాటుతో లాపరోస్కోప్ పెట్టి కళ్లారా చూస్తారు, అదే నమ్మదగిన మార్గం.

రెండోది క్షయ. ప్రపంచంలోని క్షయ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనివే. క్షయ సోకిన గ్రంథిలో పోరాడే తెల్లకణాలూ చక్కెరను విపరీతంగా తింటాయి, క్యాన్సర్‌లాగే వెలుగుతాయి. ఎప్పుడో చిన్నప్పుడు సోకి సద్దుమణిగిన జబ్బు కూడా ఛాతీ గ్రంథుల్లో మెరవవచ్చు. రిపోర్టులో ఛాతీ గ్రంథుల్లో జబ్బు ఉండవచ్చు అన్న వాక్యం కనపడగానే నాలుగో స్టేజి అని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఆ గ్రంథి నుంచి సూదితో ముక్క తీసి పరీక్షించే దాకా ఎవరూ స్టేజి మార్చకూడదు. వెలుగు చూసి ఒక మనిషికి నయమయ్యే అవకాశాన్ని తీసేయడం వైద్యంలో క్షమించరాని తొందరపాటు.

మూడోది మధుమేహం. రక్తంలో చక్కెర ఎక్కువుంటే అది ఎఫ్‌డీజీతో పోటీపడుతుంది, కణాల్లోకి మందు తక్కువ పోతుంది. అందుకే నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు, చక్కెర 200 దాటితే స్కాన్ వాయిదా వేస్తారు. వేయడం సబబే. అంకె దించడానికి అప్పటికప్పుడు ఇన్సులిన్ వేస్తే మందంతా కండరాల్లోకి పోతుంది. ఇక మెట్‌ఫార్మిన్. తెలుగు ఇళ్లలో ఈ మాత్ర లేని ఇల్లు అరుదు. ఇది వాడేవారిలో పేగు మొత్తం వెలిగిపోతుంది, ఆ వెలుగులో గడ్డ దాగిపోవచ్చు. డాక్టరు ఒప్పుకుంటే స్కాన్‌కు రెండు రోజుల ముందు ఆపాలి. ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ స్కాన్ విలువ సగం వీటి మీదే ఉంటుంది.

రేడియేషన్ సంగతి కూడా చెప్పాలి. ఒక పెట్-సీటీతో ఒంటికి చేరేది, సీటీ ఎలా తీశారన్న దాన్ని బట్టి, పది నుంచి పాతిక మిల్లీసీవర్టుల మధ్య. ప్రకృతి నుంచి ఏడాది పొడవునా మనకు సగటున అందేది 2.4. అవసరమున్నప్పుడు ఇది భయపడాల్సిన మోతాదు కాదు. అవసరం లేకుండా పదేపదే తీయించుకోవాల్సినదీ కాదు.

స్టేజి మాట అలా ఉంచి, రోగి ముందుముందు ఎలా ఉంటాడో ఈ బొమ్మ చెప్పగలదా? ఇక్కడే ఆశ ఎక్కువ, ఆధారం తక్కువ. రిపోర్టులో ఎస్‌యూవీ అని ఒక అంకె ఉంటుంది. ఇచ్చిన మందు ఒళ్లంతా సమానంగా పరుచుకుంటే ఉండే స్థాయి కన్నా ఆ చోట ఎన్ని రెట్లు పోగుపడిందో అది చెబుతుంది. దీనికి తోడు గడ్డలో చురుగ్గా ఉన్న భాగం ఘనపరిమాణాన్నీ, ఆ ఘనపరిమాణాన్ని సగటు ఎస్‌యూవీతో గుణిస్తే వచ్చే మొత్తాన్నీ లెక్కేస్తారు. ఒక్క అత్యధిక ఎస్‌యూవీ కన్నా ఈ రెండు లెక్కలూ రోగి భవిష్యత్తును మెరుగ్గా సూచిస్తాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. శరీరంలో మొత్తం జబ్బు ఎంతుందో అవి కొలుస్తున్నాయి కాబట్టి అది సహజమే. అయితే ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం చిన్నవి, ఒకే ఆసుపత్రివి, గడిచిన రికార్డులు తిరగేసి రాసినవి. ఒక్కొక్కరు ఒక్కొక్క హద్దు గీశారు. యంత్రం మారితే, మందిచ్చాక ఆగిన సమయం మారితే, చక్కెర మారితే అంకె మారిపోతుంది. అందుకే ఈ లెక్కలేవీ ఈనాటికీ స్టేజి నిర్ణయించే సూత్రాల్లోకి ఎక్కలేదు. ఎక్కనివ్వకపోవడమే సరైన పని అంటాను. ఎస్‌యూవీ పద్దెనిమిది ఉందని, తమ్ముడికి ఆరే ఉందని పోల్చుకుని కుంగిపోయే కుటుంబాలకు ఎవరైనా ఈ సంగతి ఓపిగ్గా చెప్పాలి.

వెలుగు వెనక జన్యువులు ఉన్నాయన్నది మాత్రం ఆసక్తికరమైన సంగతి. 2012లో జపాన్‌లోని క్యోటో పరిశోధకులు కేరాస్ జన్యువులో మార్పు ఉన్న పెద్దపేగు గడ్డలు చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయని చూపించారు. కేరాస్ మారిందో లేదో తెలిస్తే ఏ మందు పనిచేయదో తెలుస్తుంది. కానీ దానికి నేరుగా జన్యుపరీక్షే ఉంది, వెలుగు చూసి ఊహించాల్సిన పని లేదు.

కీమో మొదలుపెట్టాక జబ్బు లొంగుతోందా అన్నది పెట్ త్వరగా పసిగడుతుంది. గడ్డ చిన్నదవడానికి ముందే దాని ఆకలి తగ్గుతుంది. అయితే వెలుగు ఆరిపోతే జబ్బు పోయిందని కాదు. 2006లో పారిస్ సర్జన్లు కీమో తర్వాత సీటీలో మాయమైన 66 కాలేయ మచ్చలను వెంబడించి చూస్తే 55 చోట్ల జబ్బు మిగిలే ఉంది, లేదా తిరిగి వచ్చింది. పెట్ విషయంలోనూ ఇదే జాగ్రత్త, ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే కీమో కణాలను చంపకుండానే వాటి ఆకలిని మాత్రం అణచగలదు. కాలేయ ఆపరేషన్ ఉద్దేశం ఉంటే, స్కాన్ తీసేదేదో కీమోకు ముందే తీయాలి.

మలాశయ క్యాన్సర్‌లో రేడియేషన్, కీమో తర్వాత గడ్డ పూర్తిగా కరిగిపోయినవారికి ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ ఉండే పద్ధతి బ్రెజిల్‌లో అంజెలీటా హబర్ గామా చూపిన దారిలో ప్రపంచమంతా పాకింది. శాశ్వతంగా పొట్ట మీద సంచి పెట్టుకోవాల్సిన అవస్థ తప్పించే మార్గమది. కరిగిందో లేదో తేల్చేది ముఖ్యంగా డాక్టరు వేలు, ఎండోస్కోపు, ఎమ్మారై. రేడియేషన్ వాపు కూడా వెలుగుతుంది కాబట్టి పెట్ ఒక్కదాన్నే నమ్మి నిర్ణయం తీసుకోకూడదు. 2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేంద్రం దోస్టార్లిమాబ్ ఫలితాలు ప్రకటించింది. ప్రత్యేక జన్యులోపం ఉన్న 12 మంది మలాశయ రోగుల్లో 12 మందికీ ఆ మందుతోనే గడ్డ మాయమైంది. మాయమైందని చెప్పడానికి వాళ్లు పెట్ తీశారు, దానితో పాటు ఎమ్మారై, ఎండోస్కోపీ, వేలి పరీక్ష, బయాప్సీ కూడా చేశారు. అన్నీ ఒకే మాట చెప్పినప్పుడే నమ్మారు.

ముందు ముందు రంగం ఇంకా మారుతుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో రూపుదిద్దుకున్న ఫాపీ అనే కొత్త రకం మందు చక్కెరను కాక గడ్డ చుట్టూ అల్లుకునే పీచు కణాలను వెలిగిస్తుంది. ఉపవాసం అక్కర్లేదు, పెరిటోనియం మీది జబ్బును ఎఫ్‌డీజీ కన్నా బాగా చూపిస్తోందని తొలి ఫలితాలు. మ్యూసినస్, సిగ్నెట్ రింగ్ రకాల బరువు మోస్తున్న మన దేశంలోనే దీని మీద పెద్ద పరీక్షలు జరగాలి. ఇంకోపక్క, ఆపరేషన్ తర్వాత రక్తంలో తేలే క్యాన్సర్ డీఎన్‌ఏ జాడ చూసి కీమో నిర్ణయించే పద్ధతిని ఆస్ట్రేలియాలో రెండో స్టేజి రోగులు 455 మందిపై పరీక్షించారు. 2022లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం కీమో తీసుకోవాల్సిన వారు 28 శాతం నుంచి 15 శాతానికి తగ్గారు, జబ్బు తిరగబెట్టడం మాత్రం పెరగలేదు. భవిష్యత్తు చెప్పే పని బొమ్మ కన్నా రక్తానికే ఎక్కువ చేతనవుతుందని నా అంచనా.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే, పెట్ మాట వచ్చినప్పుడు డాక్టరుగారిని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో ఏం కనపడితే వైద్యం మారుతుంది?" జవాబు ఉంటే వెంటనే తీయించండి, వెళ్లేముందు పాత క్షయ సంగతి, మెట్‌ఫార్మిన్ సంగతి తప్పక చెప్పండి. జవాబు లేకపోతే ఆ వేల రూపాయలు మందులకు దాచుకోండి. మలంలో రక్తం కనపడుతుంటే మొలలని సరిపెట్టుకుని నెలల తరబడి నాటుమందు, పథ్యం చేస్తూ కూర్చోవద్దు, వయసు ముప్పై అయినా సరే. ముందు కొలనోస్కోపీ చేయించుకోండి.